భుజం మీద తాళం

మా కన్యాస్త్రీల మఠంలో మగవాడు దాక్కున్నాడని ఒకప్పుడు ఫయెంజా ఊరంతా నమ్మింది. ఊరిని తప్పుపట్టడానికి లేదు. మేం పాడేది గోడకు ఇవతల, జనం కూర్చునేది గోడకు అవతల చర్చిలో. మధ్యలో ఇనుప జాలీ, దానికి నల్ల తెర. మా మొహాలు ఎవరికీ కనబడవు, గొంతులే అవతలికి వెళతాయి. పండగ రోజున నాలుగు గొంతులు కలిసి లేచినప్పుడు అన్నిటికంటే అడుగున ఒక గొంతు బావిలోంచి వచ్చినట్టు మోగేది. ఆడమనిషి గొంతు అంత కిందికి దిగుతుందని ఎవరనుకుంటారు?

చివరికి బిషప్ గారి దగ్గర్నుంచి ఒక పెద్దమనిషి సోదాకి వచ్చాడు. గదులు వెతికాడు, అటక ఎక్కాడు, పిండి తొట్టి మూత కూడా ఎత్తి చూశాడు. మా మదర్ ఆర్కాంజెల ఆయన్ని తీసుకొచ్చి, బయటివాళ్ళతో మాట్లాడే గదిలో కూర్చోబెట్టి, ఇప్పొలితని పిలిపించింది. పొట్టి మనిషి, బూరె బుగ్గలు, వంటింట్లోంచి సరాసరి వచ్చింది. ఏం కావాలని అడిగి, నోరు తెరిచి ఒక్క స్వరం పట్టింది. కిటికీ రెక్కలు అదిరాయి. ఆయన గభాలున లేచి టోపీ తీశాడు. వెళ్ళేటప్పుడు ఆ టోపీ మర్చిపోయాడు కూడా. చాలాకాలం మా కోడిపెట్ట అందులోనే గుడ్లు పెట్టింది.

నా పేరు ఓర్సొల. ఈ మఠంలో ఆర్గాన్ వాయిస్తాను. నాకు ముక్కు మీదే కోపమని ఇక్కడ అందరూ అంటారు. అననీ. చారులో ఉప్పెక్కువైతే సర్దుకుంటాను గాని స్వరం తప్పితే సర్దుకోలేను. ఇప్పొలిత అక్క నాకు పూర్తిగా భిన్నం. ఆవిడ మీద నేను విసుక్కున్నంత నా మీద ఎవరైనా విసుక్కుంటే ఎప్పుడో గోడ దూకి పోయేదాన్ని. ఆవిడ మాత్రం నా అరుపులన్నీ అయ్యేదాకా ఆగి, అయిందా తల్లీ, ఇక మొదలుపెట్టు అనేది. ఆవిడంటే నాకు ప్రాణం.

మా మఠంలో పాట పాతది. పూర్వం ఎంతమంది పాడినా ఒకటే వరస, ఒకటే గొంతు. ఇప్పొలిత అక్క పిల్లప్పుడు ఇక్కడికి వచ్చేనాటికి పండక్కైనా పబ్బానికైనా అదే. ఆవిడ పడుచుదనంలో నాలుగు గొంతుల పాట వచ్చింది. నలుగురూ నాలుగు దారుల్లో బయల్దేరి, ఒకరికొకరు ఎదురుపడుతూ తప్పుకుంటూ, చివరికి ఒకే గుమ్మం దగ్గర కలుసుకోవాలి. అప్పుడు పెత్రొనిల అని ఒక ముసలి సిస్టర్ ఉండేదట. నలుగురూ ఒకేసారి నాలుగు మాటలు మాట్లాడితే దేవుడికేం అర్థమవుతుందని, చెవుల్లో ఉన్ని కుక్కుకుని కూర్చునేదట. ఆవిడని తలుచుకుని ఇప్పొలిత అక్క కడుపుబ్బ నవ్వేది. కొత్తొక వింత, పాతొక రోత అంటారు గాని, మఠాల్లో అది తిరగబడుతుంది. ఇక్కడ పాతవాళ్ళకి కొత్తే రోత.

నాలుగు గొంతుల పాటలో ఎవరి పుస్తకం వాళ్ళదే. నా పుస్తకంలో నా స్వరాలే ఉంటాయి, పక్కావిడ ఏం పాడుతోందో నాకు కనబడదు. అందరినీ కలిపి ఉంచేది తాళం ఒక్కటే. అది చప్పుడు చేస్తే జాలీ అవతలికి వినబడుతుంది. అందుకని మా దగ్గర వెనక నిలబడ్డ పెద్దావిడ ముందున్న చిన్నదాని భుజం మీద రెండు వేళ్ళతో తాళం వేస్తుంది. ఆ చిన్నది దాని ముందున్న దాని భుజం మీద. ఇప్పొలిత అక్క వేళ్ళకి ఆ అలవాటు ఎంతగా పట్టిందంటే, అవి ఒకచోట ఊరికే ఉండేవి కావు. భోజనాల బల్ల మీద, రొట్టె పిండి మీద, జ్వరం వచ్చినవాళ్ళ నుదుటి మీద కూడా తాళమే.

లివియ ఆవిడ తమ్ముడి కూతురు. తల్లి పోతే, పాలపళ్ళు ఊడే వయసులో తండ్రి తెచ్చి మేనత్త చేతుల్లో పెట్టి వెళ్ళాడు. ఆ పిల్ల పాట నేర్చుకున్నది చెవితో కాదు, భుజంతో. ఏడ్చినా తాళం తప్పకుండా ఏడుస్తుందని ఎగతాళి చేసేవాళ్ళం. పెరిగి పెద్దదై, ముసుగు వేసుకుని మాలో ఒకతె అయింది. దాని గొంతు మా పై గొంతు, అత్తది మా కింది గొంతు. ఈ ఇద్దరి మధ్యా మిగతావాళ్ళం ఎలాగో ఒకలా సర్దుకునేవాళ్ళం.

ఆ ఏడు వసంతంలో వెనిస్ నుంచి ఒక కొత్త పాట తెప్పించాను. పాడేది ఒక్కతే. మగ్దల మరియ ప్రభువు సమాధి దగ్గరికి వెళ్ళి, లోపల ఎవరూ లేరని చూసి, ఎదురైన తోటమాలిని ఆయన్నెక్కడ పెట్టావని అడుగుతుంది. అదే పాటంతా. అడుగుతుంది, గొంతు పూడుకుపోయి ఆగుతుంది, మళ్ళీ అడుగుతుంది. ఏడ్చేవాళ్ళు తాళం చూసుకుని ఏడవరు గనక ఈ పాటకు ఒకే నడక ఉండదు. గొంతు ఆగిన చోట ఆర్గాన్ కూడా ఆగి కాచుకోవాలి. ఇప్పుడు పెద్ద ఊళ్ళన్నిటా ఇదే తీరట. మొదటిసారి వాయించి చూసుకున్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మా మఠం పండగే మగ్దల మరియ పండగ. ఆ రోజు ఇది లివియ పాడాలని అక్కడికక్కడే నిశ్చయించుకున్నాను.

పుస్తకంలో రెండే వరసలు. పైది లివియకి, దాని అడుగున మాటలు. రెండోది నా ఎడమ చేతికి, దానికి మాటల్లేవు. ఇప్పొలిత అక్క పుస్తకం తీసుకుని వెలుతురు కోసం కిటికీ దగ్గరికి వెళ్ళింది. కింది వరస చూడగానే మొహం విప్పారింది. లోగొంతుకలో ఒకటి రెండు స్వరాలు అనుకుని చూసుకుంది కూడా. తర్వాత పేజీ తిప్పింది, మళ్ళీ వెనక్కి తిప్పింది.

"నా వరసకి మాటలు వెయ్యడం మర్చిపోయినట్టున్నారే," అంది.

మర్చిపోలేదని, అది గొంతుకి కాదు ఆర్గాన్‌కని చెప్పాను. ఓహో అంది. పుస్తకం మూసి, జాగ్రత్తగా రెండు చేతులతో నాకు తిరిగిచ్చింది.

అయినా సాధనకి వచ్చి ఎప్పట్లాగే లివియ వెనక నిలబడింది. ఎప్పట్లాగే రెండు వేళ్ళు ఆ పిల్ల భుజం మీద కదిలాయి. లివియ ఆ వేళ్ళ వెంట పాడింది. పాట కవాతు చేసింది. మరియ ఏడవడం మానేసి తోటమాలితో కూరగాయలు బేరమాడుతున్నట్టుంది. మొదటి రోజు పళ్ళు బిగబట్టుకున్నాను. మర్నాడూ అంతే. ఆ తర్వాత నావల్ల కాలేదు.

"అక్కా, ఆ చెయ్యి తియ్యి," అన్నాను. "నీ తాళం దాని గొంతు నొక్కేస్తోంది."

మాట నిజమే, ఇప్పుడైనా అదే అంటాను. ఆవిడ చెయ్యి తీసింది. ఆ రెండు వేళ్ళనీ రెండో చేత్తో పట్టుకుని, సరేనమ్మా అంది. మర్నాడు పాటకి రాలేదు. పండగ పనులు ముంచుకొస్తున్నాయని, తనకి ఇక పాట నుంచి సెలవిప్పించి వంటింట్లో ఉండనివ్వమని మదర్‌ని అడిగిందట. పండగ దాకా అనలేదు. ‘ఇక’ అనే అంది. మదర్ నన్ను పిలిచి సంగతేమిటని అడిగింది. చెప్పాను. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది ఆవిడ స్థితి. అటు కొత్త పాట వినడానికి ఊరంతా వస్తోంది, ఇటు ఇప్పొలిత లేని పాట మా మఠంలో ఎవరూ ఎరగరు.

చెయ్యి తీస్తే లివియ రెక్కలు విప్పుతుందనుకున్నాను. విప్పలేదు. ఒకసారి తరుముతున్నట్టు పరిగెత్తేది, ఒకసారి మధ్యలో ఆగి, ఎక్కడ అందుకోవాలో తెలీక నా వైపు చూసేది. ఊపిరి తీసుకోవే అని కసిరితే, వెనక ఎవరూ లేకపోతే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియడం లేదని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అత్తని పిలుచుకురావే అంటే, పిలిచానని, కాని అత్త తన నెత్తిమీద ముద్దుపెట్టి, నువ్వు పాడగలవని పంపేసిందని చెప్పింది.

నేనే వంటింటికి వెళ్ళాను. వాదించడానికే వెళ్ళాను, బతిమాలడానికి కాదు. ఇప్పొలిత అక్క నేల మీద కూర్చుని పండగ రొట్టెల కోసం బాదంకాయలు కొడుతోంది. ఒక్కో దెబ్బకి ఒక్కో కాయ, తాళం తప్పకుండా. నన్ను చూసి ఇంకో రాయి నా వైపు తోసింది. కాసేపు ఇద్దరం కాయలు కొట్టాం. నా దెబ్బ కాయ మీద కంటే వేలి మీదే ఎక్కువ పడింది.

"లివియ పాడలేకపోతోంది," అన్నాను.

"కొత్త కదా. పాడుతుందిలే."

"నువ్వొచ్చి దాని వెనక నిలబడు."

"నిలబడి ఏం చెయ్యను? తాళం వద్దన్నావు. నా వరస నీ ఎడంచేతికిచ్చారు. ఉత్త చేతులతో అక్కడ నిలబడితే, ఈ ముసలిదెందుకు ఇక్కడ అనిపించదూ?"

కోపంగా అని ఉంటే నాకు సుఖంగా ఉండేది. బాదంకాయలు ఎన్ని కావాలో చెప్పినట్టు చెప్పింది.  ఆవిడే మళ్ళీ అందుకుని, పాపం పెత్రొనిల సిస్టర్ని చూసి అంత నవ్వానే, ఆ ఉన్ని ఎక్కడ పెట్టిందో అడిగి ఉండాల్సింది అంది. నవ్వబోయింది గాని నవ్వు పూర్తిగా రాలేదు.

"పాట మంచిది ఓర్సొలా," అంది. "మీరు సాధన చేసేదంతా ఇక్కడికి వినబడుతూనే ఉంటుంది. మంచిది కాకపోతే నీతో పోట్లాడి నా చోట్లో నేనుండేదాన్ని. మంచిదైపోయింది, ఏం చెయ్యను?"

 లేచి వచ్చేశాను. వరండాలో ఎవరూ లేకపోవడంతో కాస్త ఏడ్చాను.

పండగ వచ్చింది. జూలై ఎండకి గోడలు కాగిపోతున్నాయి. అవతల చర్చిలో ఇసుక వేస్తే రాలనంత జనం. లివియ తండ్రి ముందు వరసలో కూర్చున్నాడని ద్వారం దగ్గరి సిస్టర్ వచ్చి చెప్పింది. ఆవిడ నోట్లో నువ్వు గింజ నానదు. ఆ కబురు లివియ చెవిన పడకూడదనుకున్నాను, అందరికంటే ముందు దానికే చెప్పింది. ఇప్పొలిత అక్క వంటింట్లోనే ఉండిపోయింది. అతిథులకి పంచే తీపి రొట్టెలకి పిండి కలుపుతోంది.

ముందు పాతకాలపు ఒంటి వరస పాడాం. తర్వాత నాలుగు గొంతుల పాట, మూడు గొంతులతో. అడుగు గొంతు బదులు నా ఎడమ చెయ్యి నడిపించింది. ఇల్లు పునాది లేకుండా లేపినట్టు అనిపించింది, కాని నిలబడింది. ఆ తర్వాత లివియ జాలీ దగ్గరికి వెళ్ళి ఒక్కతే నిలుచుంది. మఠమంతా దాని వెనక బారెడు దూరంలో ఉంది.

మొదలు బాగానే పాడింది. సమాధి దాకా వచ్చింది, లోపలికి తొంగి చూసింది, తోటమాలిని ఎక్కడని అడిగింది. అక్కడ పాటలోనే ఒక విరామం ఉంది. గొంతు పూడుకుపోయి, కొంచెం ఆగి, అదే మాట మళ్ళీ అడగాలి. నేను స్వరాలు పట్టి ఉంచి కాచుకున్నాను. అవతల జనం కూడా ఊపిరి బిగబట్టారు. పాటే అంత అనుకున్నారు పాపం. నేను ఇంకా కాచుకున్నాను. విరామం అయిపోయింది, దాని మీద ఇంకో విరామం కూడా అయిపోయింది. తల తిప్పి చూశాను. లివియ నోరు తెరిచే ఉంది. భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి. ఊపిరి లేదు. స్వరాలు మళ్ళీ ఒకసారి మోగించాను. అవతల ఎవరో దగ్గారు.

అప్పుడు చెక్క చెప్పుల చప్పుడు వినబడింది. పాటల గదిలోకి చెక్క చెప్పులతో ఎవరూ రారు. పై అంగీ వేసుకోకుండా అసలే రారు. ఇప్పొలిత అక్క నడుముకి వంటగుడ్డతో, మోచేతుల దాకా పిండితో, పెరట్లోకి కోళ్ళని తోలడానికి వచ్చినంత మామూలుగా నడిచి వచ్చింది. మదర్ ఆవిడని చూసి, చూడనట్టు మొహం పునీతురాలి బొమ్మ వైపు తిప్పుకుంది. ఇప్పొలిత అక్క లివియ వెనక నిలబడి చెయ్యెత్తి భుజం మీద వేసింది. అంతవరకే చూశాను. ఆర్గాన్ నన్ను తన వైపు తిప్పుకుంది.

ఇక చచ్చాం అనుకున్నాను. ఆ రెండు వేళ్ళూ కదులుతాయి, లివియ వాటి వెంట నడుస్తుంది, జనం ముందు మరియ మళ్ళీ కూరగాయలు బేరమాడుతుంది. ఆపలేను, రెండు చేతులూ ఆర్గాన్ మెట్ల మీద ఉన్నాయి. నా వెనక లివియ ఊపిరి లోపలికి తీసుకున్న చప్పుడు వినబడింది. బావిలోకి బొక్కెన దిగినంత లోతుగా తీసుకుంది. తర్వాత అడిగింది.

ఆ అడగడం ఎలా చెప్పను. సాధనలో ఏనాడూ అలా పాడలేదు. మాట సగంలో తడబడింది, ఆగింది, దుఃఖాన్ని కిందికి పోనిచ్చి మళ్ళీ లేచింది. ఎక్కడా తొందర లేదు, ఎక్కడా తాళం లెక్క లేదు. నేను దాని వెనకాల చీకట్లో తడుముకుంటున్నట్టు వాయించాను. అక్క చెయ్యి తీసేసి ఉంటుంది, ఒకసారి తట్టి వెనక్కి జరిగి ఉంటుంది అనుకున్నాను. మనసులోనే దండం పెట్టుకున్నాను.

చివరికొచ్చేసరికి నా ఎడమ చేతి వరస ఒక్కొక్క మెట్టూ దిగుతూ పోతుంది. మొదటి మెట్టు నొక్కబోయి చెయ్యి ఎత్తేశాను. ముందు ఆలోచించుకున్నది కాదు. ఆ మెట్లు ఆవిడవి, అంతే. ఒక క్షణం పాట కింద ఏమీ లేదు. 

అప్పుడు నా వెనక నుంచి ఆ గొంతు లేచింది. బాదంకాయలు కొడుతూ, పిండి పిసుకుతూ ఆ వరస అంతా ఎప్పుడు నేర్చేసుకుందో. దానికి మాటల్లేవుగా, లివియ మాటలే తీసుకుని తన స్వరాల కింద పెట్టుకుంది. పైన పిల్ల అడుగుతోంది, కింద ముసలావిడ అదే అడుగుతోంది. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఆగుతూ, ఆఖరి స్వరం మీదికి కలిసి దిగారు. నేను కుడి చేతిని కూడా ఎత్తేశాను. నా కంటి నీళ్ళు ఆర్గాన్ మెట్ల మీద పడుతున్నాయి, తుడుచుకునే తీరిక లేదు.

 అవతల ఒకాయన పెద్దగా ముక్కు చీదుకున్నాడు. లివియ తండ్రేనని ద్వారం దగ్గరి సిస్టర్ చెప్పింది. సాయంత్రానికల్లా మఠంలో మళ్ళీ మగవాడు చేరాడని ఊళ్ళో పుకారు లేచిందని కూడా ఆవిడే మోసుకొచ్చింది. బిషప్ గారి మనిషి మళ్ళీ వస్తాడేమోనని అందరం మదర్ మొహం చూశాం.

"రానివ్వండి," అంది మదర్. "ఇంకో టోపీ తెచ్చుకోమనండి."

పూజ కాగానే అంగీలు విప్పి మడతపెట్టుకునే గదిలో లివియ నాకు వీపు చేసి నిలబడింది. నల్ల అంగీ భుజం మీద తెల్లగా పిండి కనబడింది. దగ్గరికి వెళ్ళి చూశాను. చెయ్యి అచ్చు. అయిదు వేళ్ళూ విడివిడిగా, అరచేతి గీతలతో సహా పడ్డాయి. తాళం వేసే ఆ రెండు వేళ్ళ దగ్గర కూడా పిండి ఇసుమంతైనా చెదరలేదు. చెయ్యి ఎక్కడ పెట్టిందో పాట అయ్యేదాకా అక్కడే ఉంది. పుట్టి బుద్ధెరిగాక బల్ల మీద గాని పిండి మీద గాని ఒక్క నిమిషం ఊరుకోని వేళ్ళు అవి. అంత పెద్ద పాటా అయ్యేదాకా వాటిని ఆవిడ ఎలా పట్టి ఉంచిందో నాకు తెలీదు.

ఇప్పొలిత అక్క చేతులు కడుక్కుని అప్పుడే లోపలికి వచ్చింది. లివియ భుజం చూసి, అయ్యో పండగ అంగీ పాడుచేశానే అని నొచ్చుకుంటూ దులపడానికి చెయ్యెత్తింది. నేను ఆ మణికట్టు పట్టుకున్నాను.

"అక్కా," అన్నాను, "ఆ చెయ్యి ఉండనీ."